తాళమత్త జలపాతానికి బయల్దేరిన ఏడు

మా ఇంటి వీధి తలుపుకి బయటివైపు గొళ్ళెం ఉండేది కాదు. ఒకప్పుడు ఉండేదట. తాతయ్య పీకించేశాడు. స్క్రూల చిల్లుల్లో పుట్టీ కూరి పైన రంగేశారు కానీ, ఏటవాలుగా ఎండ పడినప్పుడు ఆ చిల్లులు తెలిసిపోతూనే ఉండేవి. వాటిని చూసినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఎందుకో చెప్పాలంటే మా అత్త సంగతి చెప్పాలి.

నేను పుట్టకముందు ఇంటిల్లిపాదీ ఏదో పెళ్ళికెళ్ళి వచ్చేసరికి దొంగలు తాళం పగలగొట్టి ఇత్తడి సామానంతా ఊడ్చుకుపోయారు. రేడియో పోయింది. ఆఖరికి తాతయ్య గొడుగు కూడా పోయింది. "తాళం వేయడమంటే దొంగకి శుభలేఖ పంపడమే. ఇంట్లో ఎవరూ లేరు, తమరు దయచేయండి అని" అన్నాడట తాతయ్య. ఆ వారమే వడ్రంగిని పిలిచి గొళ్ళెం పీకించి, ఇకమీదట ఈ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండితీరాలని చెప్పాడు. దొంగ ఒక్కసారి వచ్చి వెళ్ళిపోయాడు. తాతయ్య మాట మాత్రం ఇంట్లోనే తిష్ఠ వేసింది.

ఆ "ఎవరో ఒకరు" మొదట నానమ్మ. నానమ్మ పోయిన ఏడాదే అత్త, అంటే మా నాన్న చెల్లెలు, అత్తవారింటి నుంచి ఒక పెట్టెతో వెనక్కి వచ్చేసింది. పెళ్ళయి అప్పటికి ఏడాది కూడా తిరగలేదు. ఎందుకొచ్చావని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆమె కుట్టుమిషన్ ఎక్కడ వేయాలో మాత్రం అందరికీ తెలిసింది. వెలుతురు బాగా ఉండేది వెనక గదిలో. అయినా ముందు గదిలో, వీధి తలుపుకి ఎదురుగా వేశారు. అక్కడైతే గిరాకీ వస్తుందన్నారు. గిరాకీ వచ్చిన మాట నిజమే. కానీ ఆ కుర్చీ అక్కడ వేసింది గిరాకీ కోసం కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒప్పుకోమంటే ఒక్కరూ ఒప్పుకోరు.

అత్త కొత్త బట్టలు కుట్టదు. ఉన్నవాటిని సరిచేస్తుంది. పొడుగైన ప్యాంట్లు కురచ చేస్తుంది, ఒళ్ళు చేసినవాళ్ళ జాకెట్లు కుట్లు విప్పి వదులు చేస్తుంది, పళ్ళూడిన జిప్పులు మారుస్తుంది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది, ఆ మాటలూ అలాగే గుచ్చుకుంటాయి. "ప్యాంటు బిగుతైతే తప్పు ప్యాంటుదా, నీదా?" అని మొహం మీదే అడిగేస్తుంది. ఆవిడకి ముక్కుమీద కోపం అని వీధిలో పేరు. పొద్దస్తమానం ఒకే గుమ్మాన్ని చూస్తూ కూర్చుంటే కోపం ముక్కుమీద కాక ఇంకెక్కడ ఉంటుంది? వీధివాళ్ళు ఆమెకి ఇంకో పేరు కూడా పెట్టారు. తాళమత్త. "మీ ఇంటికి తాళమెందుకండీ, ఆవిడ ఉందిగా" అని నవ్వుతారు. దానికి మావాళ్ళు కూడా నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది.

జలపాతం ఊసు మా ఇంట్లోకి తెచ్చింది కూడా అత్తే. అడవి గార్డు ఒకాయన మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంట్లకి అతుకులు వేయించుకోవడానికి ఆమె దగ్గరికి వస్తుంటాడు. అలా ఎందుకు చిరుగుతున్నాయని అత్త కసిరితే, ఆయన కొండల్లోని చీలిక గురించి చెప్పాడు. రెండు పక్కలా నిలువు రాతిగోడలు, అడుగున ఏరు, ఏటి వెంట రాళ్ళమీద నడక. మరీ కష్టమూ కాదు, మరీ తేలికా కాదు. ఒకచోట బండకి బిగించిన గొలుసు పట్టుకుని ఎక్కాలి. చీలిక చివర పైనుంచి జలపాతం దూకుతుంది. వానలు గట్టిగా పడి తెరిపిచ్చాక కొన్నాళ్ళే దాని వైభోగం. ఆ తర్వాత బండమీద తడి మరక మిగులుతుంది, ఇంకొన్నాళ్ళకి అదీ ఉండదు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి అత్తకి అదే ధ్యాస. కస్టమర్లలో అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా దొరికితే వాళ్ళ బట్టలు త్వరగా ఇచ్చేది కాదు. నిలబెట్టి అన్నీ అడిగేది. ఎక్కడ నీడ, ఎక్కడ పాచి, నీళ్ళు ఎంత లోతు, చెప్పులతో వెళ్ళొచ్చా, బూట్లేనా. అంతా ఆరా తీసి, రాత్రి భోజనాల దగ్గర మొత్తం ప్రయాణం పథకం వేసింది. ఎన్నింటికి బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి, ఎవరు ఏ సంచి మోయాలి. అందరూ భేష్ అన్నారు. వెళ్ళారు. నాన్న, అమ్మ, బాబాయి, పిన్ని, నేను. "ఎవరో ఒకరు" మాత్రం ఇంట్లో ఉండిపోయింది.

సాయంత్రం తడిబూట్లతో వచ్చేసరికి అత్త గుమ్మంలో నిలబడి ఉంది. "ఎలా ఉందిరా?" అని బాబాయిని అడిగింది. ఆ గొంతులో అంత ఆశ నేనెప్పుడూ వినలేదు. బాబాయి సాక్సులు పిండుకుంటూ, "ఏముందక్కా, నీళ్ళు పైనుంచి కిందకి పడుతున్నాయి" అన్నాడు. అత్త ఆ వారమంతా అతనితో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడట్లేదో అతనికి ఇప్పటికీ తెలియదు.

మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళారు. అప్పుడూ పథకం అత్తదే, కాపలా అత్తదే. ఆ తర్వాతి ఏడు నేను పని సాకు చెప్పి మానేశాను. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. నేను పనిచేసే కళ్ళద్దాల కొట్టుకి వెళ్ళాలి కాబట్టి ఇంట్లో ఉన్నట్టు లెక్కకాదట. అత్తే ఉంది.

ఈ ఏడు వానలు ముదిరినప్పుడే అత్త అందరూ ఉండగా చెప్పింది. "ఈసారి నేను వస్తున్నాను."

"రావే, తప్పకుండా" అన్నాడు నాన్న, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"నువ్వు లేకపోతే ఎలా, వస్తావుగా మరి" అంది అమ్మ.

ఎంత తేలిగ్గా అన్నారో! ఆ తేలికలోనే నాకు అనుమానం రావాల్సింది. అత్త మాత్రం ఆ మాట పట్టుకుని పనిలో దిగిపోయింది. పొద్దున్నే సంచిలో నీళ్ళ సీసాలు కుక్కుకుని మేడమెట్లు ఎక్కి దిగడం మొదలుపెట్టింది. మిషన్ తొక్కీ తొక్కీ ఆమె మోకాళ్ళు అప్పటికే అరిగాయి. మెట్టుమెట్టుకీ టకటకమనేవి. పిన్ని వంటింట్లోంచి, "వదినా, ఎవరెస్టుకా?" అని వేళాకోళమాడేది. అత్త తన దగ్గర మిగిలిన బెల్టుగుడ్డతో అందరి సంచులకీ నడుం పట్టీలు కుట్టింది. రాళ్ళమీద కాలికి అడ్డంపడకుండా అందరి ప్యాంట్లూ అంచు మడిచి కుట్టింది. బూట్లు తనకి మాత్రమే కొత్తవి కొనుక్కుంది. వాటిని మిషన్ కింద పెట్టుకుని, కుట్టేటప్పుడు మధ్యమధ్యలో వంగి చూసుకునేది.

గార్డు వచ్చి చెప్పాడు. "ఈ ఆదివారం వెళ్ళండమ్మా, నీళ్ళు బాగున్నాయి. పై వారానికి నేను హామీ ఇవ్వలేను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. మీ నెత్తిమీద చినుకు పడక్కర్లేదు, పైన కొండమీద మబ్బు పట్టినా చాలు, వెనక్కి తిరిగి బయటికొచ్చేయండి. ఆ చీలికలో వరద వస్తే పక్కకి తప్పుకునే చోటుండదు."

శనివారం సాయంత్రం హాల్లో సంచులు సర్దుతున్నాం. అత్త నాన్న సంచికి సీసా జారకుండా ఎలాస్టిక్ కుడుతోంది. అప్పుడు నాన్న, ఏదో వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా, "రేపు కొత్త ఫ్రిజ్ వస్తుంది. ఆదివారమైతే అందరికీ వీలని నేనే రమ్మన్నాను" అన్నాడు.

అందరి కళ్ళూ ఒక్కసారే అత్తవైపు తిరిగాయి. పోనీ ఎవరైనా ఆలోచించి తిరిగితే ఊరుకుందును. నిద్రలో దోమని కొట్టుకున్నంత అలవాటుగా తిరిగాయి. నా కళ్ళు కూడా అటే తిరిగాయి.

"అదీ... నువ్వు ఎలాగూ ఉంటావు కదా అని" అని అమ్మ నసిగింది.

అత్త దారం పంటితో కొరికింది. సంచి నాన్న ఒళ్ళో పడేసింది.

"ఎలాగూ ఏమిటొదినా? ఎలాగూ ఉండటానికి నేనేమన్నా గోడనా? నెల్లాళ్ళుగా వస్తున్నానని చెప్తున్నాను. మెట్లెక్కుతున్నాను, మీ అందరికీ కనబడలేదూ? మీ ప్యాంట్లు మడిచి కుట్టింది ఎవరు? పక్కింటావిడా?"

"ఇప్పుడేమైందని అంత కోపం?" అన్నాడు నాన్న. "వచ్చే ఏడు వెళ్దువుగాని. జలపాతం ఎక్కడికి పోతుంది?"

"వచ్చే ఏడు నీళ్ళొస్తాయి అన్నయ్యా. నా మోకాళ్ళు రావు."

నేను ఇక ఆగలేకపోయాను. "నేను ఉంటాను. అత్తని వెళ్ళనీండి" అన్నాను. మంచిపనే చేస్తున్నాననుకున్నాను. అత్త నామీదికి తిరిగిన తీరు చూసి రెండడుగులు వెనక్కి వేశాను.

"నోర్ముయ్! నువ్వుంటావా? ఇవాళ నువ్వుంటే రేపట్నించీ నువ్వే ఉంటావు. మొదట్లో నేనూ ఇలాగే అన్నాను, ఇవాళ్టికి నేనుంటాన్లే అని. ఆ ఇవాళ ఇంకా అయిపోలేదు. ఈ కుర్చీలో నేనుండను, నువ్వూ ఉండవు. అర్థమైందా?"

అర్థమైంది. ఇంతకాలం నేను అత్తమీద జాలిపడుతూ వచ్చాను. ఆ కుర్చీ తర్వాత ఎవరిదో ఒక్కసారీ ఆలోచించలేదు. ఆ క్షణంలో మా ఇంట్లో అందరిమీదా నాకు పీకలదాకా కోపం వచ్చింది.

అత్త అప్పుడే చెప్పులేసుకుని వీధి చివర ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్ళింది. వెంట నేనూ పరిగెత్తాను. గొళ్ళెం, స్క్రూలు, రెండు తాళంచెవులున్న తాళం కొంది. కొట్టతను "తాళం మీకెందుకమ్మా?" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి నవ్వు మింగేశాడు. ఇంటికొచ్చి సుద్దముక్కతో తలుపుమీద గుర్తు పెట్టింది. తాతయ్య పూడ్పించిన చిల్లుల దగ్గరే పెట్టింది. స్క్రూడ్రైవర్ మొన పెట్టి తిప్పుతుంటే ముందు పాత పుట్టీ పొడిపొడిగా రాలింది.

నాన్న పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నావే? నాన్నగారు దగ్గరుండి పీకించిన గొళ్ళెం అది!"

"ఆయన పోయారన్నయ్యా. నేనింకా ఉన్నాను."

"పరువు తక్కువ పని ఇది. దొంగ వస్తే?"

"వస్తే రానీ. నాతో పాటు ఈ ఇంటికి కాపలా కాసిన ఆ పాత మిషన్ ఉంది, దాన్ని మోసుకుపోతాడు. వాడి నడుమే విరుగుతుంది."

బాబాయి ఫక్కున నవ్వి, నాన్న చూపుకి ఆపేశాడు. అత్త చేతులు దులుపుకుని, బిల్లుమీద నెంబరు చూసి ఫ్రిజ్ కొట్టుకి ఫోన్ చేసింది. "రేపొద్దు బాబూ, సోమవారం పంపండి" అంది. అవతలివాడు "అలాగేనండీ" అన్నాడట. అంతే. ఒక్క ఫోను. అంతమాత్రం ఫోను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ చేయలేదు. ఎప్పుడూ ఏదో వస్తుండేది. గ్యాసు వస్తుంది, మరమ్మతు మనిషి వస్తాడు, చుట్టాలు రావచ్చు. దేన్నీ ఎవరూ మరోరోజుకి మార్చమని అడగలేదు, ఎందుకంటే అత్త ఉంది.

మర్నాడు తెల్లవారగానే అందరం సిద్ధమయ్యాం, నాన్న తప్ప. నాన్న లుంగీతోనే హాల్లో పడక్కుర్చీలో పేపరు విప్పుకుని కూర్చున్నాడు.

"నేను రాను. ఈ ఇల్లు తాళమేసి వదిలిపెట్టి వచ్చేది లేదు. ఎవరో ఒకరు ఉండాలి. నేనే ఉంటాను" అన్నాడు.

ఆయన ఎత్తు నాకు తెలుసు. అన్నయ్య ఒక్కడే ఉండిపోతాడేమోనని అత్త కరిగి, బూట్లు విప్పేస్తుందని ఆశ. అమ్మ అయితే అప్పుడే సంచి కింద పెట్టేసింది. అత్త మాత్రం కొత్త బూట్ల తాళ్ళు ఇంకాస్త బిగించింది.

"మంచిది. ఒక తాళంచెవి మిషన్ మీద పెట్టాను. బయటికెళ్ళాలనిపిస్తే వేసుకుని వెళ్ళు."

"నాకా అవసరం రాదు" అన్నాడు నాన్న, తాళంచెవి వైపు చూడకుండా.

"కస్టమర్లు ఇద్దరు ముగ్గురు రావచ్చు. కుట్టినవి ఆ సంచిలో ఉన్నాయి, ఇచ్చెయ్. వదినా, ఆ సంచి తియ్యి. పద."

అమ్మ తన మొగుణ్ణి చూసింది, ఆడపడుచుని చూసింది, సంచి తీసుకుంది.

బాబాయి వ్యాను నడిపాడు. కొండల దగ్గర దిగేసరికి ఎండ ఇంకా చీలికలోకి దిగలేదు. లోపల చల్లగా, తడి మట్టి వాసనతో ఉంది. అత్త ముందు నడిచింది. రాయి నుంచి రాయికి అడుగు వేసే ముందు బూటు మొనతో నొక్కి చూసి, ఆ తర్వాతే బరువు మోపేది. "జాగ్రత్త అక్కా, పాచి ఉంది" అని బాబాయి అరుస్తూనే తాను జారి ఏట్లో కూలబడ్డాడు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. గొలుసు దగ్గర అత్త మోకాళ్ళు మళ్ళీ టకటకమన్నాయి. కింద నుంచి పట్టుకోబోతే నన్ను కసిరింది. బండమీద ఒక చెంప ఆనించి, కాసేపు ఊపిరి తీసుకుని, గొలుసు పట్టుకుని తానే ఎక్కింది.

మలుపు తిరగ్గానే చప్పుడు ముందొచ్చి మీద పడింది. తర్వాత జలపాతం కనిపించింది. పైన రాతి అంచు నుంచి తెల్లగా విరిగి, మధ్యలో ఒక బండకి కొట్టుకుని రెండుగా చీలి, మళ్ళీ కలిసి మడుగులోకి దూకుతోంది. తుంపర మా మొహాల దాకా వస్తోంది. అత్త నిలబడిపోయింది. ఎంతసేపు నిలబడిందంటే, పిన్ని కూడా వేళాకోళమాడటం మరిచిపోయింది.

చివరికి అత్త మెల్లగా బాబాయి వైపు తిరిగింది. ఆమె సంతోషిస్తుందని అందరం ఎదురుచూశాం. ఆమె మొహం కోపంతో కందగడ్డలా ఉంది.

"ఇదిట్రా నువ్వు చూసింది? ఇది చూసొచ్చి నాకు 'ఏముందక్కా' అన్నావా?"

బాబాయి తేలు కుట్టిన దొంగలా తడి ప్యాంటు వైపు చూసుకున్నాడు. అత్త నా చెయ్యి పట్టుకుని మడుగు అంచుదాకా లాక్కెళ్ళింది. అక్కడ పక్కనున్న మనిషి మాట కూడా వినబడని హోరు. ఆ హోరులోకి ఆమె అరవడం మొదలుపెట్టింది. చెయ్యి పట్టుకుని ఆమెకి ఆనుకుని ఉన్నాను కాబట్టి నాకు మాత్రం వినబడింది. వరసపెట్టి అందరినీ తిట్టింది. పెళ్ళాడి ఏడాదిలోపే ఇంటికి పంపించినవాణ్ణి తిట్టింది. నాన్నని తిట్టింది. ఫ్రిజ్‌ని తిట్టింది. గొడుగు పోయిందని కూతుర్ని కాపలా పెట్టిన తాతయ్యని, చచ్చినవాడని కూడా చూడకుండా తిట్టింది. ఆ ఇత్తడి సామాను ఎత్తుకుపోయిన దొంగని అన్నిటికంటే ఎక్కువ తిట్టింది. "వెధవా, ఆ తలుపు కూడా పీక్కుపోవాల్సింది!" అంది. గొంతు బొంగురుపోయాక ఆగింది. అప్పుడు వంగి దోసిట్లో నీళ్ళు తీసుకుని మొహం కడుక్కుంది.

పైన కొండ వెనక మబ్బు కమ్ముకోవడం ముందు చూసింది ఆమే. "పదండి, ఇక చాలు" అంది. ఇంకో పది నిమిషాలు ఉందామని పిన్ని బతిమాలింది. అత్త వినలేదు. మేం చీలిక బయటికొచ్చి వ్యాను ఎక్కాక వెనక ఎక్కడో ఉరుము వినబడింది.

చీకటి పడకముందే ఇల్లు చేరాం. వీధి తలుపుకి తాళం వేలాడుతోంది.

అందరం మెట్లమీద నిలబడి దాన్ని చూశాం. నాన్నకేమైందోనని అమ్మ "ఏమండీ" అని తలుపు బాదబోయింది. ఇంతలో ఎదురింటి ముసలాయన అరుగుమీంచి, "మీవాడు మధ్యాహ్నమే తాళమేసుకుని వెళ్ళాడమ్మా. సందు చివర టీకొట్టు దగ్గరున్నాడు" అని చెప్పాడు.

కబురు పంపేలోపే నాన్న వచ్చాడు. చెదిరిన జుట్టు, చేతిలో మడిచిన పేపరు, మొహం నిండా చిరాకు. మేం ఏమీ అడగకముందే ఆయనే మొదలుపెట్టాడు.

"తలుపు కొట్టి కొట్టి చంపేశారు జనం! ఒకడికి ప్యాంటు కావాలి, ఒకత్తెకి జిప్పు కావాలి, ఒకడు ఊరికే ఆవిడ లేదా అని అడిగిపోయాడు. ఎవరూ రానప్పుడు ఇంకా ఘోరం, గోడగడియారం చప్పుడు తప్ప ఏముంది? పేపరు రెండుసార్లు చదివాను. ఆ గుమ్మం వంక చూస్తూ ఎంతసేపని కూర్చుంటాడు మనిషన్నవాడు, ఒక్కడే?"

బాబాయి తల దించుకున్నాడు. అమ్మ నాన్న మొహంలోకి చూడలేక తాళం వంక చూసింది. అత్త తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది. లోపల, గుమ్మానికి ఎదురుగా, మిషన్ ముందు కుర్చీ ఖాళీగా ఉంది.

"నువ్వే చెప్పన్నయ్యా" అంది అత్త, బొంగురుపోయిన గొంతుతో. "ఎంతసేపు కూర్చోవచ్చు?"

మేమంతా లోపలికి వెళ్ళిపోయినా నాన్న మాత్రం చాలాసేపు గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు, కొత్త గొళ్ళేన్ని పట్టుకుని.